న్యూజిలాండ్ గొల్లభామ పరాయి ఆడపురుగు వెంట ఎందుకు పోతోంది?

క్లుప్తంగా

న్యూజిలాండ్‌కు సొంతమైన గొల్లభామ జాతి ఒక్కటే ఉంది. 1978లో ఆక్లాండ్‌లో బయటపడ్డ దక్షిణాఫ్రికా గొల్లభామ ఆ దేశపు వెచ్చని ప్రాంతాల తోటల్లో క్రమంగా దాని చోటు తీసుకుంటోంది. స్థానిక మగపురుగు తన జాతి ఆడదాన్ని వదిలి పరాయి ఆడదాని వాసన వైపు వెళ్తుందనీ, అలా వెళ్లినవి తరచూ దానికే ఆహారమవుతాయనీ 2013లో వెలువడిన పరిశోధన చూపించింది. రెండు పురుగులూ పచ్చగా ఉండొచ్చు కాబట్టి మనుషులూ అదే పొరపాటు చేస్తున్నారు. కాపాడాల్సిన దాన్ని పరాయిదనుకుని చంపేస్తున్నారు.

ఏ పురుగు గురించి ఈ మాట

గొల్లభామ అంటే తెలుగునాట అందరికీ ఒకే పురుగు గుర్తురాదు. కొన్ని ఊళ్లలో మిడతనే గొల్లభామ అంటారు. ఇక్కడ చెబుతున్నది మూడు మూలల తలను అటూ ఇటూ తిప్పి చూస్తూ, ముళ్లున్న ముంగాళ్లను మడిచి దండం పెడుతున్నట్టు నిలబడే పురుగు గురించి. ఆ దండం భక్తి కోసం కాదు, వేట కోసం. దగ్గరికి వచ్చిన ఈగో, పచ్చపురుగో ఆ ముళ్ల మధ్య పడితే ఇక తప్పించుకోలేదు. పైరుకు చేటు చేసే పురుగులనూ తింటుంది కాబట్టి మన చేలల్లో దీన్ని మిత్రపురుగుల్లో లెక్కేస్తారు.

ప్రపంచంలో ఇలాంటివి 2,400కు పైగా జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం వేడి దేశాలవే. భారతదేశంలోనే వందకు పైగా ఉన్నాయి. న్యూజిలాండ్‌లో మాత్రం సొంత జాతి ఒక్కటే, ఆర్థోడెరా నోవేజీలాండియే. విలియం కొలెన్సో 1882లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. మన దగ్గర ఒక జాతి తగ్గితే దాని పని చేయడానికి పక్కన ఇంకో పది ఉంటాయి. అక్కడ ఆ వెసులుబాటు లేదు. ఈ విషయం పట్టించుకోవాల్సినది కావడానికి మొదటి కారణం ఇదే.

రెండో పురుగు, అంటే దక్షిణాఫ్రికా గొల్లభామ, పేరు మయోమాంటిస్ కాఫ్రా. దక్షిణాఫ్రికాలో ఉండే ఒక జింక పేరు మీద దీన్ని స్ప్రింగ్‌బాక్ గొల్లభామ అని కూడా అంటారు. 1978లో ఆక్లాండ్ పడమటి వైపున్న న్యూ లిన్ అనే పేటలో ఇది మొదటిసారి కనిపించింది. తర్వాత ఉత్తర ద్వీపంలోని వెచ్చని ప్రాంతాలకు పాకింది, దక్షిణ ద్వీపం పైకొసన ఉన్న నెల్సన్ దాకా చేరింది. ఐరోపాలో పోర్చుగల్‌లోనూ స్థిరపడింది.

పక్కపక్కన పెట్టి చూస్తే

రెండూ చిటికెన వేలి పొడవుకు అటూ ఇటూ ఉంటాయి. రెండూ మాటు వేసి వేటాడతాయి. ఆకుల మధ్య రెండడుగుల దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. అందుకే రంగు చూసి తేల్చడం పెద్ద పొరపాటు. స్థానిక గొల్లభామ పెద్దయ్యాక లేతాకు పచ్చగానే ఉంటుంది. దక్షిణాఫ్రికాది పచ్చగానూ ఉండొచ్చు, గోధుమ రంగులోనూ ఉండొచ్చు. అంటే గోధుమ రంగు పెద్ద పురుగు కనిపిస్తే అది పరాయిదని చెప్పొచ్చు. పచ్చది కనిపిస్తే మాత్రం ఇంకా ఏమీ తేలనట్టే.

అసలు గుర్తు ముంగాలి మీద ఉంది. స్థానిక పురుగును ఒక గాజు సీసాలోకి ఎక్కించి, అది సీసా గోడ మీద పాకుతుండగా కింది వైపు నుంచి చూడాలి. ముంగాలి తొడ లోపలి వైపున, ముళ్ల పక్కనే, నీలం సిరా చుక్క పడినట్టు ఒక మచ్చ కనిపిస్తుంది. కాలు మడిచి ఉంటే అది కనిపించదు, చాచినప్పుడే మెరుస్తుంది. దక్షిణాఫ్రికా పురుగుకు ఆ మచ్చ ఉండదు.

సీసా చేతికి అందకపోతే మెడ చూస్తే చాలు. తలకూ రెక్కలకూ మధ్య ఉండే భాగాన్ని వాడుకలో మెడ అంటున్నాం కానీ శాస్త్రం లెక్కలో అది ఛాతీ ముందుభాగం. స్థానిక పురుగుకు అది తలంత వెడల్పుగా, పైన చిన్న డాలు కప్పినట్టు నేరుగా ఉంటుంది. దక్షిణాఫ్రికా దానికి తల కంటే సన్నంగా ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలిసినవారికి ఫోన్‌లో తీసిన ఫొటో చాలు.

కూర్చునే తీరూ వేరే. స్థానికమైనది ఆకు పైభాగాన ఒళ్లు చాచి పరుచుకుంటుంది. దాని పిల్లలూ అంతే. దక్షిణాఫ్రికా పిల్లపురుగులు మాత్రం పొట్ట కొసను తేలు తోకలా పైకి ముడుచుకుని తిరుగుతాయి. పెద్ద ఆడది పొట్ట ఉబ్బి బరువుగా ఉంటుంది, ఎగరలేదు. దాని మగది సన్నగా, పొడవాటి రెక్కలతో ఉండి బాగా ఎగురుతుంది.

గుడ్ల సంచి, ఏడాది లెక్క

గొల్లభామ గుడ్లను విడివిడిగా పెట్టదు. పొట్ట కొస నుంచి వచ్చే నురగలో పెడుతుంది. ఆ నురగ గట్టిపడి సంచిలా తయారవుతుంది. స్థానిక పురుగు కట్టే సంచి ఇరుకుగా, పొడుగ్గా, నిగనిగలాడే ముదురు గోధుమ రంగులో ఉంటుంది. అందులో గుడ్లు రెండు వరుసలుగా, ఎవరో కొలిచి పేర్చినట్టు ఉంటాయి. చెట్టు బెరడు మీదో, కంచె చెక్క మీదో అతికించి ఉంటుంది. దక్షిణాఫ్రికాది కట్టేది గుండ్రంగా ఉబ్బిన లేత గోధుమ రంగు సంచి. ఎండిన నురగ ముద్దలా ఉంటుంది. మొక్క కాడ, గోడ, కుర్చీ అడుగుభాగం, పూలకుండీ అంచు, ఇలా ఎక్కడపడితే అక్కడ పెడుతుంది. దాని వ్యాప్తికి ఈ అలవాటు ఎంత తోడ్పడుతుందో ఊహించడం కష్టం కాదు. కుండీ ఇల్లు మారితే పురుగూ మారుతుంది. ఎగరలేని ఆడపురుగు జాతి ఇంత దూరం పాకడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

న్యూజిలాండ్‌లో ఋతువులు మనకు తిరగబడి ఉంటాయి. మన సంక్రాంతికి అక్కడ నడివేసవి. స్థానిక గొల్లభామ జీవితం ఆ ఋతువులతో కచ్చితంగా ముడిపడి ఉంటుంది. వసంతంలో పిల్లలు పుడతాయి, కుబుసాలు విడుస్తూ పెరిగి వేసవి చివరికి పెద్దవవుతాయి, జతకట్టి గుడ్లు పెడతాయి, చలి ముదిరేసరికి చనిపోతాయి. చలికాలమంతా ఆ జాతి గుడ్ల రూపంలోనే బతికి ఉంటుంది.

దక్షిణాఫ్రికా పురుగు ఇంత నియమంగా బతకదు. దాని సంచిలోంచి పిల్లలన్నీ ఒక్కరోజే బయటికి రావు, విడతలు విడతలుగా వస్తాయి. పెద్దవి కూడా చలికాలంలోకి కొంతవరకు బతికే ఉంటాయి. వసంతంలో ఒకసారి అనుకోని చలిగాలి వచ్చిందనుకుంటే, అప్పుడే పుట్టిన స్థానిక పిల్లలకు పెద్ద దెబ్బ తగులుతుంది. పరాయిదాని సంచిలో ఇంకా బయటికి రానివి మిగిలే ఉంటాయి. పైగా దక్షిణాఫ్రికా ఆడది మగదానితో కలవకపోయినా గుడ్లు పెట్టగలదు, వాటిలోంచి పిల్లలూ వస్తాయి. జతకట్టి పెట్టిన గుడ్లతో పోలిస్తే వచ్చేవి తక్కువే. అయినా కొత్త ఊళ్లో ఒక్క ఆడపురుగు దిగినా సంతతి మొదలయ్యే అవకాశం ఉంటుంది.

వాసన దగ్గర మొదలయ్యే పొరపాటు

ఇంతవరకూ చెప్పినవి ఏ పరాయి జాతికైనా కలిసొచ్చే గుణాలే. ఈ రెండు గొల్లభామల విషయంలో అసలు కీలకం వేరే చోట ఉంది.

ఆకుల రంగులో కలిసిపోయి కదలకుండా ఉండే పురుగుకు జతను వెతకడం కష్టం. అందుకే చాలా గొల్లభామ జాతుల్లో ఆడది ఫెరోమోన్ అనే వాసన పదార్థాన్ని గాలిలోకి వదులుతుంది. మగది మీసాలతో దాన్ని పసిగట్టి వెతుక్కుంటూ వస్తుంది. మనకు ఆ వాసన తెలియదు. మగపురుగుకు మాత్రం అది చిరునామా లాంటిది.

ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ముర్రే ఫీ, మార్గరెట్ స్టాన్లీ, గ్రెగరీ హోల్వెల్ ఈ చిరునామా విషయాన్నే పరీక్షించారు. ఇంగ్లిష్ అక్షరం వై ఆకారంలో ఉండే గొట్టం తీసుకుని, ఒక కొమ్మ వైపు నుంచి స్థానిక ఆడదాని వాసన, రెండో కొమ్మ వైపు నుంచి దక్షిణాఫ్రికా ఆడదాని వాసన వచ్చేలా ఏర్పాటు చేశారు. స్థానిక మగదాన్ని గొట్టం మొదట్లో వదిలారు. అది రెండు కొమ్మలు కలిసే చోటికి చేరాక ఏదో ఒక వైపు తిరగాలి. మగపురుగులు ఎక్కువగా పరాయి ఆడదాని వైపే తిరిగాయి. రెండు జాతులను ఒకచోట ఉంచి చూసినప్పుడు స్థానిక మగవి పరాయి ఆడదాని దగ్గరికి వెళ్లడం, అది వాటిని పట్టుకు తినడం తరచుగా కనిపించింది. ఈ ఫలితాలు 2013లో బయాలజీ లెటర్స్ పత్రికలో వచ్చాయి.

ఇది వింతగా అనిపించవచ్చు. సొంత జాతి వాసనను వదిలి పరాయి వాసన వెంట ఎందుకు పోవాలి? వేల ఏళ్లుగా న్యూజిలాండ్ మగపురుగు చుట్టూ ఉన్న ఆడ గొల్లభామ జాతి ఒక్కటే. రెండు వాసనల మధ్య తేడా పట్టి మంచిచెడ్డలు చూసుకోవాల్సిన అవసరం దానికి ఎప్పుడూ రాలేదు. వాసన ఉంటే వెళ్లు అన్న ఒక్క నియమం సరిపోయింది. ఇంకో జాతి లేనంతకాలం అది తెలివైన నియమమే. వాసనతో గట్టిగా పిలిచే కొత్త ఆడది పక్క పొదలోకి వచ్చిన రోజు నుంచి అదే నియమం ఉచ్చుగా మారింది. పురుగు మారలేదు, దాని చుట్టూ ఉన్న లోకం మారింది. జీవశాస్త్రంలో ఇలాంటి పరిస్థితిని పరిణామపు ఉచ్చు అంటారు.

రెండు జాతుల మధ్య సంకరం పుట్టదు, అవి అంత దగ్గరి చుట్టాలు కావు. కాబట్టి ఆ ప్రయాణంలో స్థానిక మగదానికి దక్కేది ఏమీ లేదు. ప్రాణంతో బయటపడినా జతకట్టాల్సిన సమయం వృథా అయిపోతుంది.

ఆడది తింటుంది సరే, మగది ఊరుకుంటుందా?

ఆడ గొల్లభామ మగదాన్ని తినేస్తుందన్న మాట చాలామంది విన్నదే. అయితే అన్ని జాతుల్లోనూ ఇది ఒకేలా జరగదు. న్యూజిలాండ్ స్థానిక జాతిలో చాలా అరుదు. దక్షిణాఫ్రికా జాతిలో మాత్రం ఆడా మగా ఎదురుపడినప్పుడు సుమారు 60 శాతం సందర్భాల్లో మగది ఆహారమైపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మగది లేకున్నా గుడ్లు పెట్టగల ఆడదానికి మగది జతగా ఎంత విలువైనదో, భోజనంగానూ అంత విలువైనదే.

ఇంత ప్రమాదం మధ్య దక్షిణాఫ్రికా మగవి ఇన్ని తరాలు ఎలా నిలిచాయి? దీనికి 2021లో నాథన్ బర్క్, గ్రెగరీ హోల్వెల్ ప్రచురించిన పరిశోధనలో జవాబు దొరికింది. ఆ మగది చేతులు కట్టుకుని చావుకు ఎదురువెళ్లదు. ఒక్క ఉదుటున దూకి, ముంగాళ్లతో ఆడదాన్ని ముందుగా పట్టుకోవడానికి చూస్తుంది. రెండూ కుస్తీ పడతాయి. మగది పైచేయి సాధిస్తే బతికి బయటపడి, చాలాసార్లు జత కూడా కడుతుంది. ఆ పెనుగులాటలో మగదాని ముంగాలి కొక్కెం ఆడదాని పొట్టలో దిగి గాయమవుతుంది. తర్వాత అది మానుతుంది. ఆడది ముందు పట్టుకుంటే మగదాని పని అయిపోయినట్టే.

తేడా ఇక్కడే ఉంది. దక్షిణాఫ్రికా మగది తన ఆడదాని సంగతి తెలిసి, కుస్తీకి సిద్ధపడి వెళ్తుంది. స్థానిక మగదానికి ఆ కుస్తీయే తెలియదు, ఎందుకంటే దాని జాతి ఆడది సాధారణంగా దాన్ని తినదు. ఎదురుదెబ్బ కొట్టే నేర్పు లేకుండానే, కొట్టక తప్పని చోటికి వెళ్తోంది. వాసన దాన్ని తప్పు చోటికి తీసుకెళ్తుంది. అక్కడ తన్ను తాను కాపాడుకునే తీరు దానికి ఎవరూ నేర్పలేదు. ఈ రెండు లోపాలూ కలిసినప్పుడే మరణం.

మామూలు ఆక్రమణకూ దీనికీ తేడా

పరాయి జాతి అనగానే మనకు తెలిసిన ఉదాహరణ వయ్యారిభామ. 1950ల్లో మన దేశంలో గుర్తించిన ఆ కలుపుమొక్క, చోటునూ తేమనూ లాక్కుని, వేళ్ల నుంచీ ఆకుల నుంచీ పక్కమొక్కలకు గిట్టని రసాయనాలు వదిలి పొలంగట్లను ఆక్రమించింది. అక్కడ పోటీ బలంతో సాగుతుంది. ఆక్లాండ్ తోటల్లో బలం పాత్ర కొంతే. మిగతాది గుర్తింపులో జరిగే తప్పు. కంటికి రెండు పురుగులు కొట్లాడుతున్నట్టు ఏమీ కనిపించదు. స్థానిక మగవి తమంతట తామే తగ్గిపోతుంటాయి, అంతే.

మగవి కొన్ని పోతే జాతికి నష్టమేమిటని అడగవచ్చు. మామూలుగా ఒక మగది ఒకటికి మించి ఆడవాటితో జతకడుతుంది కాబట్టి, మగవి కాస్త తగ్గినా గుడ్లకు లోటుండదు. అయితే పరాయి ఆడవి స్థానిక ఆడవాటి కంటే ఎక్కువైన తోటలో లెక్క తిరగబడుతుంది. గాలిలో వచ్చే వాసనల్లో ఎక్కువ భాగం ఉచ్చులే అవుతాయి. మిగిలిన కొద్దిపాటి స్థానిక ఆడవాటి దగ్గరికి మగది చేరే అవకాశం పడిపోతుంది. స్థానికమైనవి ఎంత తగ్గితే అంత వేగంగా ఇంకా తగ్గుతాయి. ఇలాంటి పతనం మొదట్లో నెమ్మదిగా ఉండి, చివర్లో ఒక్కసారిగా కనబడుతుంది.

దీనికి తోడు తిండి పోటీ, ఒకదాని పిల్లలను ఇంకొకటి తినడం, ఇళ్ల చుట్టూ పురుగుమందులు కొట్టడం కూడా ఉన్నాయి. తప్పంతా వాసన మీదకే నెట్టడం సరికాదు. కానీ మిగతా కారణాలు ఆడామగా తేడా లేకుండా రెండింటినీ దెబ్బతీస్తాయి. వాసన ఉచ్చు మాత్రం స్థానిక మగదాన్నే ఏరి పట్టుకుంటుంది.

పరాయి గొల్లభామ వచ్చిన ప్రతిచోటా ఇలాగే జరగాలని లేదు. అమెరికాలో చైనా గొల్లభామ 1896లో ఫిలడెల్ఫియా దగ్గర, ఐరోపా గొల్లభామ 1899లో రోచెస్టర్ దగ్గర కనిపించాయి. తోటలకు మేలు చేస్తాయని వాటిని మెచ్చుకున్నారు. కనెక్టికట్ రాష్ట్రం 1977లో ఐరోపా గొల్లభామను ఏకంగా తన రాష్ట్ర కీటకంగా ప్రకటించింది. చైనా గొల్లభామ గుడ్ల సంచులను తోటలవాళ్లకు ఇప్పటికీ అమ్ముతున్నారు. పది సెంటీమీటర్ల దాకా పెరిగే ఆ పురుగు తెగులు పురుగులతోపాటు తేనెటీగలనూ, సీతాకోకచిలుకలనూ, అప్పుడప్పుడూ హమ్మింగ్ పక్షులనూ తింటుంది. అక్కడ సమస్య దాని సైజు, ఆకలి. న్యూజిలాండ్‌లో సమస్య పిలుపు. పురుగు మిత్రపురుగు అయినంత మాత్రాన ఎక్కడికి తీసుకెళ్లి వదిలినా మిత్రంగానే ఉంటుందన్న నమ్మకాన్ని రెండు అనుభవాలూ తప్పని చూపాయి.

ముందు ఏం జరగొచ్చు

దేశం మొత్తం నుంచి దక్షిణాఫ్రికా గొల్లభామను తుడిచేయడం ఇప్పుడు జరిగే పని కాదు. పొదల్లో, గోడల మీద, ప్రతి పెరట్లో ఉన్న పురుగును మందుతో చంపాలంటే స్థానికమైనదీ దానితోపాటే చస్తుంది. చలి దీన్ని కొంతవరకు ఆపుతోంది. చల్లని దక్షిణ ప్రాంతాల్లో స్థానిక జాతికి ఇంకా ఊపిరి ఆడుతోంది. చలికాలాలు వెచ్చబడుతూ పోతే పరాయిదాన్ని ఆపే ఆ చలి హద్దు ఇంకా దక్షిణానికి జరుగుతుంది. ఇంకో అవకాశం స్థానిక మగపురుగుల్లోనే ఉంది. పరాయి వాసనకు లొంగని మగవి కొన్ని ఉంటే, బతికి సంతానాన్ని ఇచ్చేవి అవే కాబట్టి, తరాలు గడిచేకొద్దీ ఆ గుణం పెరగవచ్చు. ఏడాదికి ఒక్క తరం మాత్రమే ఉండే పురుగుకు దానికి తగినంత సమయం దొరకాలి.

ఆ సమయం ఇవ్వడం తోట ఉన్నవారి చేతుల్లో కొంత ఉంది. ఆక్లాండ్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఇది పనికొచ్చే విషయమే. పురుగును చూసి చంపడం కంటే గుడ్ల సంచిని చూసి తీసేయడం మేలు, ఎందుకంటే పొరపాటు జరిగే అవకాశం అక్కడే తక్కువ. నురగ ముద్దలా ఉబ్బి, లేత రంగులో ఉంటే అది దక్షిణాఫ్రికాదే. గీకి తీసి నలిపేయవచ్చు. నర్సరీ నుంచి తెచ్చిన కుండీల అంచులూ, ఇల్లు మారేటప్పుడు బయటి కుర్చీల అడుగుభాగాలూ ఒకసారి తిప్పి చూసుకోవాలి. సన్నగా, నిగనిగలాడుతూ, రెండు వరుసల గీతలతో ఉంటే దాన్ని ఉన్నచోటే వదిలేయాలి.

జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం. తోటలో పనులు తక్కువ కాబట్టి చాలామంది పాత కంచెలు విప్పడం, చెక్కలకు రంగు వేయడం అప్పుడే పెట్టుకుంటారు. స్థానిక గొల్లభామ ఆ మూడు నెలలూ పురుగుగా ఎక్కడా ఉండదు. ఆ కంచె చెక్క మీద, వేలి గోరంత పొడవున్న సంచిలో మాత్రమే ఉంటుంది.